టూ స్ట్రోక్ క్వాడ్‌కి ఏ పెట్రోల్, ఏ పార్టులు: ఈ20 వచ్చాక మారిన లెక్క

బంకులో మామూలు పెట్రోల్ అడిగితే ఇప్పుడు పోసేది ఈ20. అంటే నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్, మిగతాది పెట్రోల్. కొత్త బండ్లవాళ్లు మైలేజీ గురించి నాలుగు మాటలు అనుకుని ఊరుకుంటున్నారు. టూ స్ట్రోక్ బండి ఉన్నవాళ్లకి వ్యవహారం అంత తేలిగ్గా లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఆర్‌ఎక్స్100 బైకు ఇంజిన్లు విప్పే షెడ్డు ముందు నిలబడినా, గుంటూరులో ఆర్‌డీ350 బైకు ఉన్నవాళ్లని పలకరించినా అవే ప్రశ్నలు వినిపిస్తాయి. ప్రీమియం పోయాలా? ఆయిల్ పెంచాలా? కార్బ్యురేటర్‌లో పెట్రోల్ పారే జెట్ మార్చాలా? వేరే సైలెన్సర్ వేస్తే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేస్తుందా?

యమహా బాన్షీ లాంటి క్వాడ్‌ని, అంటే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండిని, బయటి దేశం నుంచి తెప్పించుకుని తోటలోనో ఇసుకలోనో నడిపేవాళ్ల టెన్షన్ ఇంకొంచెం ఎక్కువ. వాళ్లు చదివే సలహాలన్నీ అమెరికావి, పోసే పెట్రోల్ మాత్రం మనది. అక్కడి జెట్ నంబరు, అక్కడి ఆక్టేన్ అంకె ఇక్కడ యథాతథంగా పనిచేయవు.

నాకు అర్థమైనంతలో ఈ గందరగోళానికి మూలం ఒక్కటే. పెట్రోల్, ఆయిల్, జెట్, హెడ్ (సిలిండర్ మీది మూత), సైలెన్సర్ అనేవాటిని ఐదు వేర్వేరు కొనుగోళ్లుగా చూస్తున్నాం. నిజానికి అవి ఒకే లెక్కలోని ఐదు అంకెలు. ఒకటి మారితే మిగతా నాలుగూ కదులుతాయి. వాటిలో మన చేతిలో లేని అంకె పెట్రోల్. అందుకే లెక్క అక్కడ మొదలవ్వాలి. చాలామంది సైలెన్సర్ దగ్గర మొదలుపెడుతున్నారు.

బాన్షీకి, మన ఆర్‌డీకి ఉన్న చుట్టరికం

బాన్షీ 1987 మోడల్‌గా అమెరికాలోకి వచ్చి 2006 దాకా అమ్ముడైంది. 347 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, నీటితో చల్లబడే ఇంజిన్. బోర్ 64 మి.మీ., స్ట్రోక్ 54 మి.మీ. ఎస్కార్ట్స్ 1983లో ఇక్కడ రాజ్‌దూత్ పేరుతో తెచ్చిన ఆర్‌డీ350 కూడా 347 సీసీయే. దాని బోర్, స్ట్రోక్ కొలతలూ ఇవే. తేడా ఏమిటంటే మన ఆర్‌డీని గాలే చల్లబరుస్తుంది. బాన్షీ ఆ తర్వాతి తరం, నీళ్లు తిరిగే ఇంజిన్ల నుంచి వచ్చింది.

కొలతలు కలిశాయని ఒకదాని పిస్టన్ ఇంకోదానికి కొంటే డబ్బులు దండగ. పిస్టన్ పిన్ను ఎంత ఎత్తులో ఉంది, స్కర్ట్‌లో, అంటే పిస్టన్ కింది గోడలో, కిటికీలు ఎక్కడున్నాయి, రింగు తిరక్కుండా ఆపే చిన్న పిన్ను ఏ వైపు ఉంది అనేవి బోర్ సైజులో కనపడవు. కానీ ఇంజిన్ పనిచేసే తీరు ఒకటే. బాన్షీ గురించి ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఆర్‌ఎక్స్‌కీ, ఆర్‌డీకీ వర్తిస్తుంది.

పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గుతుంది

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ కింద సంపులో విడిగా ఉంటుంది. పెట్రోల్ పని కాలడం వరకే. టూ స్ట్రోక్‌లో గాలి, పెట్రోల్, ఆయిల్ కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసులోకి వెళ్తుంది. అక్కడ బేరింగులను, కనెక్టింగ్ రాడ్డును తడిపి, పిస్టన్ అడుగుభాగం వేడిని కొంత లాక్కుని, ఆ తర్వాత సిలిండర్ గోడలోని పోర్టులనే దారుల గుండా పైకి వెళ్లి కాలుతుంది.

అందుకే మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గడం, అంటే లీన్ అవ్వడం, ఫోర్ స్ట్రోక్‌లో పికప్ తగ్గడంతో సరిపోయినా టూ స్ట్రోక్‌లో పిస్టన్ సీజ్ అయ్యేదాకా వెళ్తుంది. వేడి పెరిగే సమయంలోనే చల్లదనం తగ్గుతుంది. బాన్షీలో అయితే ఆయిల్ పంపు లేదు, ట్యాంకులో కలిపి పోయాల్సిందే. కాబట్టి పెట్రోల్ తగ్గిన మేర ఆయిల్ కూడా తగ్గుతుంది. ఆర్‌ఎక్స్, ఆర్‌డీలలో ఆటోల్యూబ్ పంపు ఆయిల్‌ని విడిగా అందిస్తుంది కనుక కొంత నయం.

ఆక్టేన్ అంకె: అమెరికా 93, మన 95 ఒకే కొలబద్ద కాదు

ఆక్టేన్ ఎక్కువైతే పవర్ ఎక్కువ అన్నది గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. ఆ అంకె చెప్పేది ఒక్కటే: స్పార్క్ అంటించిన మంట చేరేలోపు, మిగిలిన మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే అంటుకోకుండా ఎంతవరకు ఆగగలదు అని. అలా అంటుకోవడాన్నే నాకింగ్ అంటారు. ఇంజిన్ అంత ఒత్తిడి పెట్టనప్పుడు, ఎక్కువ ఆక్టేన్ పోసినా దానికి చేయడానికి పనేమీ ఉండదు.

దీన్ని కొలిచే పరీక్షలు రెండున్నాయి. తేలికైన పరిస్థితుల్లో చేసేది రాన్, కఠినమైన పరిస్థితుల్లో చేసేది మాన్. ఒకే పెట్రోల్‌కి మాన్ అంకె రాన్ కంటే తక్కువ వస్తుంది. మన బంకుల్లో చెప్పే అంకె రాన్. అమెరికా బంకు మీద కనిపించేది ఈ రెండింటి సగటు. కాబట్టి బాన్షీ గురించి రాసేవాళ్లు ‘93 పెట్రోల్ చాలు’ అంటే మన లెక్కలో అది దాదాపు 97, 98 రాన్. 93 చాలన్నారు కదా, మనది 95, ఇంకా ఎక్కువే అనుకున్నవాడు మోసపోతాడు.

బీఎస్6 ప్రమాణాల్లో మామూలు పెట్రోల్‌కి కనీస రాన్ 91. ఇరవై శాతం ఇథనాల్ కలిశాక అది 95కి చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది. ఆ శాఖ చెప్పిన అంకెల ప్రకారం ఇథనాల్ ఆక్టేన్ 108.5, అసలు పెట్రోల్‌ది 84.4. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే రెండు సంగతులు తేలతాయి.

మొదటిది, మామూలు ఈ20నే 95 అయినప్పుడు 95 ప్రీమియం పోస్తే ఆక్టేన్‌లో ఒరిగేదేమీ ఉండదు. అందులో శుభ్రపరిచే రసాయనాలు అదనంగా ఉంటాయి, అది వేరే లాభం.

రెండోది ఇంకా ముఖ్యమైనది. పెట్రోల్‌లో నీళ్లు పోసి కుదిపి, ఇథనాల్ నీళ్లతో కిందికి దిగాక పైది వాడుకోవడం అనే పద్ధతి వీడియోల్లో బాగా తిరుగుతోంది. ఇథనాల్ పోతే దాంతోపాటు అది తెచ్చిన ఆక్టేన్ కూడా పోతుంది. మిగిలేది 95 పెట్రోల్ కాదు, దానికంటే బాగా తక్కువది. కుదింపు పెంచడానికి హెడ్ కోయించిన ఇంజిన్‌లో దాన్ని పోస్తే ఈ20 కంటే ఎక్కువ ప్రమాదం. ఇంట్లో బకెట్లో పెట్రోల్ ఆవిర్ల మధ్య ఆ పని చేయడం ఎంత ప్రమాదమో విడిగా చెప్పక్కర్లేదు.

ఇంకో అపోహ విమాన పెట్రోల్. గన్నవరంలో దిగే పెద్ద విమానాలు వాడేది ఏటీఎఫ్, అది కిరోసిన్ జాతిది. స్పార్క్ ప్లగ్గు ఇంజిన్‌లో పోస్తే నాకింగ్ తప్ప ఇంకేమీ రాదు. అమెరికావాళ్లు రేసు బండ్లకి కలిపేది ఏవ్‌గ్యాస్. అది చిన్న పిస్టన్ ఇంజిన్ విమానాలకు వాడే, సీసం కలిపిన వేరే ఇంధనం.

ఆక్టేన్ బూస్టర్ సీసాల మీద ‘30 పాయింట్లు పెరుగుతుంది’ అని చూసినప్పుడు పాయింట్ అంటే చాలాసార్లు 0.1 అని గుర్తుంచుకోవాలి. 95 అంకె 125 అవ్వదు, 98 అవుతుంది. అదీ కంపెనీ చెప్పిన మోతాదు పూర్తిగా పోస్తేనే.

ఈ20తో కార్బ్యురేటర్‌లో ఏం జరుగుతుంది

మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. ఈ20లో బరువు లెక్కన ఇథనాల్ 21 శాతం దాకా ఉంటుంది. సగటు కడితే ఈ20కి కావాల్సిన గాలి సుమారు 13.5 కిలోలు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త బండిలో ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ ఈ తేడాను పసిగట్టి పెట్రోల్ పెంచుతుంది. కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు. దానికి తెలిసింది రంధ్రం సైజు ఒక్కటే. 14.7 లెక్కకి కుదిర్చిన రంధ్రంలో 13.5 లెక్క ఇంధనం పోస్తే, మిశ్రమం ఎనిమిది, తొమ్మిది శాతం మేర లీన్ అవుతుంది. వేడిగా నడిచే టూ స్ట్రోక్‌కి ఇది చిన్న తేడా కాదు.

సరిచేయడం అంటే మెయిన్ జెట్ పెంచడం. కొన్ని జెట్ల మీద నంబరు రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది, కొన్నింటి మీద ఎంత ద్రవం పారుతుందో చెబుతుంది. 100 నంబరు జెట్ వ్యాసం లెక్కదైతే 104 వేస్తే చాలు, రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది. ప్రవాహం లెక్కదైతే 108 దాకా వెళ్లాలి. ఒకడు రెండు నంబర్లు పెంచమనడం, ఇంకొకడు నాలుగు అనడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. ఇద్దరి మాటా వాళ్ల వాళ్ల జెట్ల విషయంలో నిజమే. ఇక మెయిన్ జెట్ పట్టించుకునేది యాక్సిలరేటర్ చివరి పావుభాగాన్నే. మధ్యభాగాన్ని నీడిల్, మొదటి భాగాన్ని స్లో జెట్, ఎయిర్ స్క్రూ చూసుకుంటాయి. కాబట్టి ఒక్క మెయిన్ జెట్ మార్చి పని అయిపోయిందనుకోకూడదు.

ఇథనాల్ వల్ల ఒక మేలు కూడా ఉంది. ఆవిరయ్యేటప్పుడు అది పెట్రోల్ కంటే రెట్టింపు పైన వేడిని లాక్కుంటుంది. జెట్ సరిగ్గా కుదిరితే క్రాంక్ కేసు, పిస్టన్ చల్లగా ఉంటాయి. రేసుల్లో ఆల్కహాల్ ఇంధనాలను ఇష్టపడటానికి కారణం ఇదే. అంటే జెట్ మార్చకుండా పోస్తే చెడు చేసేదే, మార్చి పోస్తే మంచి కూడా చేస్తుంది.

బెంగళూరు సెట్టింగ్ బెజవాడలో ఎందుకు కుదరదు

ఆర్‌ఎక్స్, ఆర్‌డీ పనుల్లో బెంగళూరు మెకానిక్కులకు పెద్ద పేరు. అక్కడ ఇంజిన్ చేయించి తెచ్చుకున్నవాళ్లు ఇక్కడికి రాగానే ప్లగ్గు తెల్లగా కాలుతోందని కంగారు పడుతుంటారు. అది మెకానిక్ తప్పు కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, విజయవాడ దాదాపు సముద్రమట్టం దగ్గరే. అక్కడ గాలి పీడనం సుమారు 909 మిల్లీబార్లయితే ఇక్కడ 1011. అక్కడ 25 డిగ్రీలు, ఇక్కడ 40 డిగ్రీలు అనుకుని లెక్కేసినా మన గాలి ఆరు శాతం దట్టం. డిసెంబరు తెల్లవారుజామున ఇక్కడ 20 డిగ్రీలున్నప్పుడు 13 శాతం దట్టం.

గాలి ఎంత దట్టమైతే అంత పెట్రోల్ కావాలి. కార్బ్యురేటర్ తనంతట తాను అందులో దాదాపు సగమే సర్దుకుంటుంది. అంటే అక్కడి జెట్ ఇక్కడ మూడు నుంచి ఆరు శాతం లీన్. అక్కడ ట్యూనింగ్ ఇథనాల్ లేని పెట్రోల్‌తో చేసుంటే దీనికి ఈ20 తెచ్చే ఎనిమిది శాతం కలపాలి. మన ఊళ్లోనే మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలకి, చలికాలం ఉదయానికి గాలి సాంద్రతలో ఏడెనిమిది శాతం తేడా వస్తుంది. ఎండాకాలం చక్కగా నడిచిన ఇంజిన్ సంక్రాంతి పొద్దున పట్టేయడం వెనక ఉన్నది ఇదే.

ఈ20 మీద రెండు వాదనలు

ప్రభుత్వం వైపు వాదన ఇది: ముడిచమురు దిగుమతి తగ్గుతుంది, రైతుకి ఆదాయం వస్తుంది, కాలుష్యం తగ్గుతుంది. చెరకుతోపాటు మొక్కజొన్న నుంచి కూడా ఇథనాల్ తీస్తున్నారు కనుక, వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేసే మన గుంటూరు, కృష్ణా రైతులకి ఇది పరాయి సంగతి కాదు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక, ఇథనాల్ లేని పెట్రోల్‌కి తయారై ఈ10కి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో మైలేజీ మూడు, నాలుగు శాతం తగ్గొచ్చని అంచనా వేసింది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వం కూడా ఒప్పుకుంది.

వినియోగదారుల వైపు వాదన: ఈ20కి తయారుకాని బండి కొన్నవాళ్లకి బంకులో వేరే దారి లేకుండా చేయడం న్యాయం కాదు, కనీసం రెండు రకాలూ అమ్మాలి. ఇదే కోరుతూ వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది.

రెండు వైపులా బలం ఉంది. అయితే ఈ చర్చ దాదాపు మొత్తం ఫోర్ స్ట్రోక్ బండ్ల చుట్టూనే తిరిగింది. ఆయిల్‌ని పెట్రోల్ మోసుకెళ్లాల్సిన ఇంజిన్ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మైలేజీ శాతాలు చూసి టూ స్ట్రోక్‌కి ఏమీ కాదని తేల్చేయడం, లేదా అన్ని ఇంజిన్లూ పాడైపోతాయని బెదరగొట్టడం, రెండూ తప్పేనని నా ఉద్దేశం.

తేమ భయం సంగతి కూడా ఇలాగే ఉంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, కొంతవరకు తనలో కలుపుకుంటుంది. ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి చేరతాయి. టూ టీ ఆయిల్ ఆ అడుగు పొరలో కలవదు. ట్యాంకు అడుగు నుంచి లాగే బాన్షీకి అప్పుడు అందేది ఆయిల్ లేని ద్రవం. వారం వారం నడిపే బండిలో గాలి తేమ వల్ల ఇంత జరగడం అరుదు. మూత రబ్బరు పోయిన ట్యాంకులో వాన నీళ్లు దిగినా, సగం ట్యాంకుతో నెలల తరబడి షెడ్డులో పడున్నా జరుగుతుంది. పండక్కి పండక్కి బయటికి తీసే క్వాడ్‌లకి ఈ ప్రమాదం ఎక్కువ.

ఆయిల్ పెంచితే మంచిదేనా

32కి 1 అంటే లీటరు పెట్రోల్‌కి 31 మి.లీ. ఆయిల్. 20కి 1 అంటే 50 మి.లీ., 40కి 1 అంటే 25 మి.లీ. ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి క్షేమం అని మనవాళ్లు ఓ చెయ్యి ఎక్కువే వేస్తారు. బేరింగులకి అది మంచిదే. అయితే జెట్ రంధ్రం గుండా వెళ్లే ద్రవంలో ఆయిల్ పెరిగితే పెట్రోల్ ఆ మేర తగ్గుతుంది. 40కి 1లో మిశ్రమంలో 97.6 శాతం పెట్రోల్, 20కి 1లో 95.2 శాతమే. రెండున్నర శాతం లీన్ అన్నమాట. జెట్ మార్చకుండా ఆయిల్ రెట్టింపు చేస్తే పిస్టన్ ఇంకొంచెం వేడెక్కుతుంది. కాబట్టి ఒక పాళ్లకి కట్టుబడి, దానికి జెట్ కుదుర్చుకోవడమే అసలు పని.

ఆయిల్ రకం విషయానికొస్తే, జపాన్ ప్రమాణాల్లో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అనే మెట్లున్నాయి. పైకి వెళ్లేకొద్దీ పొగ, మసి తగ్గుతాయి. ఎఫ్‌డీ వేడిలో రింగులు అతుక్కోకుండా చూడటంలో మెరుగు. టీసీ-డబ్ల్యూ3 అని రాసున్నది పడవ మోటార్లకి ఉద్దేశించింది. చల్లటి నీటితో చల్లబడే ఆ ఇంజిన్లకి బాగుంటుంది కానీ మన వేడి ఇంజిన్లకి తగదు.

ఆముదం గురించి ఒక మాట. పాతకాలం రేసు టూ స్ట్రోక్‌ల వెనక వచ్చే ఆ తియ్యటి కాలిన వాసన ఆముదం నూనెదే. విపరీతమైన వేడిలో కూడా లోహం మీద పొర తెగకుండా పట్టుకోవడంలో దానికి సాటి తక్కువ, పైగా ఇథనాల్‌లో చక్కగా కలుస్తుంది. లోపమల్లా జిగురు కట్టడం. రింగుల గాడిలో, ఎగ్జాస్ట్ పోర్టులో గట్టిపడుతుంది. రేసు తర్వాత ఇంజిన్ విప్పి శుభ్రం చేసేవాళ్లకి సరే, రోజూ నడిపే బండికి కుదరదు. అదీ జిగురు తీసి శుద్ధి చేసిన రేసింగ్ ఆముదం సంగతి, కొట్లో సీసాలో అమ్మేది కాదు.

హెడ్ కోయించడం: అర మిల్లీమీటరు విలువ

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చూసిన ఆర్‌ఎక్స్ పిస్టన్ నాకు బాగా గుర్తుండిపోయింది. పైభాగం మధ్యలో మామూలు గోధుమరంగు మసి. ఎగ్జాస్ట్ వైపు అంచున మాత్రం మసి లేదు. అల్యూమినియం తెల్లగా బయటపడి, సూదితో గుచ్చినట్టు సన్నటి గుంటలు వరసగా ఉన్నాయి.

“ఆయిల్ బాగానే పోశాను కదన్నా, మరెందుకు పట్టేసింది?” అని అడిగాడు బండి తెచ్చిన కుర్రాడు.

మేస్త్రి ఆ అంచు మీద గోరుతో గీసి చూపించి, “ఇది ఆయిల్ పని కాదు తమ్ముడూ. హెడ్ లేత్ మీద ఎంత తీయించావో చెప్పు” అన్నాడు.

ఆ గుంటలు నాకింగ్ గుర్తు. మంట చేరకముందే అంచున మిగిలిన మిశ్రమం పేలినప్పుడు, ఆ దెబ్బకి పిస్టన్ అంచు తినేస్తుంది. ఇంజిన్ విప్పినప్పుడు గీతలు ఎక్కడున్నాయో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఎగ్జాస్ట్ వైపే గీతలుంటే సాధారణంగా లీన్ మిశ్రమం, వేడి. చుట్టూ నాలుగు చోట్ల సమానంగా ఉంటే ఇంజిన్ వేడెక్కకుండానే రేజ్ చేయడమో, పిస్టన్‌కి బోర్‌కి మధ్య సందు చాలకపోవడమో. ఇన్‌టేక్ వైపు ఉంటే దుమ్ము, లేదా ఆయిల్ అందకపోవడం.

ఇక కుదింపు లెక్క, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందనేది. ఆర్‌ఎక్స్100 బోర్ 50, స్ట్రోక్ 50 మి.మీ., అంటే 98 సీసీ. హెడ్‌లో ఖాళీ 9 సీసీ అనుకుందాం. స్ట్రోక్ మొత్తానికి లెక్కేస్తే నిష్పత్తి 11.9. కంపెనీ చెప్పేది 6.7. ఇంత తేడా ఎందుకంటే, టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నాకే కుదింపు మొదలవుతుంది. పోర్టు మూసుకునేసరికి పిస్టన్‌కి ఇంకా 26 మి.మీ. ప్రయాణం మిగిలి ఉందనుకుంటే అక్కడ చిక్కేది 51 సీసీ. దానికి 9 కలిపి 9తో భాగిస్తే 6.7. జపాన్ కంపెనీలు ఈ రెండో అంకె ఇస్తాయి, కొందరు ట్యూనర్లు మొదటిది చెబుతారు. ఏది ఏదో తెలియకుండా పోల్చితే అంతా తికమకే.

ఇప్పుడు హెడ్‌ని అర మిల్లీమీటరు తీయిస్తే ఖాళీ దాదాపు 1 సీసీ తగ్గి 8 అవుతుంది. 6.7 కాస్తా 7.4 అవుతుంది. వెంట్రుకలో వాసి అనిపించే కోత, కుదింపుని పది శాతం పెంచింది. 95 రాన్‌కి ఇది సాధారణంగా భరించదగ్గదే. ఇంకో అర మిల్లీమీటరు తీయిస్తే దాదాపు 8.3 అవుతుంది. మే నెల ఎండలో, గాలితో చల్లబడే సిలిండర్‌లో, లీన్ జెట్‌తో అది పిస్టన్‌ని తినేసే అంకె.

దీంతోపాటు చూడాల్సింది స్క్విష్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు అంచుకి హెడ్‌కి మధ్య మిగిలే సందు. ప్లగ్గు రంధ్రం గుండా సోల్డరింగ్ తీగ అంచుదాకా పెట్టి, కిక్కర్‌తో ఒకసారి తిప్పి, నలిగిన తీగ మందాన్ని వెర్నియర్‌తో కొలుస్తారు. ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే అంచున ఉన్న మిశ్రమం మధ్యకి నెట్టబడి నాకింగ్ తగ్గుతుంది. రెండు మిల్లీమీటర్లుంటే ఆ లాభం పోతుంది. మరీ తక్కువైతే రేజ్ చేసినప్పుడు పిస్టన్ హెడ్‌కి తగులుతుంది.

సైలెన్సర్ పొడవు వెనక ఉన్న లెక్క

టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ వాల్వు లేదు. తాజా మిశ్రమం కొంత బయటికి జారిపోతుంది. ఎక్స్‌పాన్షన్ చాంబర్ సైలెన్సర్ చేసేది, చివర ఉన్న శంకువు నుంచి ఒత్తిడి అలను వెనక్కి పంపి, జారిపోయిన మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోపు మళ్లీ సిలిండర్‌లోకి నెట్టడం. 1950ల్లో తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ దీన్ని పదును పెట్టాడు. ఆ జట్టు రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి సుజుకీలో చేరడంతో ఆ విద్య జపాన్‌కి చేరింది.

అల వెళ్లి రావడానికి ఉన్న సమయం పోర్టు తెరిచి ఉన్నంతసేపే. 180 డిగ్రీలు తెరిచి ఉండే పోర్టుతో 8000 ఆర్‌పీఎం దగ్గర ఆ సమయం 3.75 మిల్లీసెకన్లు. వేడి పొగలో అల వేగం సెకనుకి 510 మీటర్లనుకుంటే, రానుపోను దూరంలో సగం సుమారు 96 సెం.మీ. అదే 9500 ఆర్‌పీఎంకి అయితే 80 సెం.మీ. చాలు. కాబట్టి పొట్టి సైలెన్సర్ వేస్తే పవర్ పైన వస్తుంది, కింద పోతుంది. ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో తిరిగే ఆర్‌ఎక్స్‌కి అది శిక్షే. మెత్తటి ఇసుకలో లాగాల్సిన క్వాడ్‌కీ కింది పవర్ ముఖ్యం. పైగా ఇలాంటి పైపు సిలిండర్‌లో ఎక్కువ మిశ్రమం నింపుతుంది కనుక జెట్ పెంచాలి, నిజమైన కుదింపు కూడా పెరుగుతుంది. హెడ్ కోయించి, పైపు వేసి, జెట్ మాత్రం పాతదే ఉంచడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. రోడ్డు మీద తిరిగే బండికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదు.

ముందు మార్చాల్సిన చవక పార్టులు

కంటికి ఆనని భాగాలే ముందు చూడాలి. పాతకాలం రబ్బరు పైపులు ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడతాయి, తర్వాత పగులుతాయి. క్రాంక్ ఆయిల్ సీల్స్ గట్టిపడి గాలి లాగితే ఎంత జెట్ వేసినా ఇంజిన్ లీనే. యాక్సిలరేటర్ వదిలినా రేజ్ దిగకుండా వేలాడితే మొదట అనుమానించాల్సింది వాటినే. సీల్స్, ఫ్లోట్ సూది మొన వైటన్ రబ్బరువి అయితే ఇథనాల్‌ని బాగా తట్టుకుంటాయి. వీటికయ్యే ఖర్చు ఓ మంచి సైలెన్సర్ ధరతో పోలిస్తే ఏమీ కాదు.

పిస్టన్లలో ఫోర్జ్‌డ్ రకం దెబ్బకి ఆగుతుంది, కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక బోర్‌లో సందు కాస్త ఎక్కువ ఇవ్వాలి, కదిలేముందు ఇంజిన్ వేడెక్కాలి. కాస్ట్ పిస్టన్ బిగువుగా, నిశ్శబ్దంగా నడుస్తుంది. రోజువారీ ఆర్‌ఎక్స్‌కి అదే మేలు. మిశ్రమాన్ని లోపలికి మాత్రమే వెళ్లనిచ్చే రీడ్ వాల్వుల్లో కార్బన్ ఫైబర్ పలకలు త్వరగా స్పందిస్తాయి. స్టీలు పలక విరిగితే ముక్క ఇంజిన్‌లోకి వెళ్లి నష్టం చేస్తుంది, ఫైబర్ ముక్క అంత చెరుపు చేయదు.

ఒకే పెట్రోల్, రెండు ఇంజిన్లు

గుంటూరులో రోజూ ఆఫీసుకి వెళ్లే, ఏ మార్పూ లేని ఆర్‌ఎక్స్100ని తీసుకుంటే, 6.7 కుదింపుకి ఈ20 ఆక్టేన్ ధారాళంగా సరిపోతుంది. ప్రీమియం వల్ల ఒరిగేది లేదు. దాని సమస్య ఆ ఎనిమిది శాతం లీన్, పాత రబ్బరు. జెట్, సీల్స్, పైపులతో అది తేలిపోతుంది.

పోర్టులు పెంచి, 18 సీసీ డోమ్ (హెడ్‌లో ఖాళీని ఇచ్చే గిన్నెలాంటి భాగం) వేసిన బాన్షీ అయితే దారులు రెండు. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఇండియన్ ఆయిల్ అమ్మే ఎక్స్‌పీ100 తెచ్చుకోవడం ఒకటి. అది 100 ఆక్టేన్, ఇథనాల్ కలపనిదని కంపెనీ చెబుతోంది, ధర మాత్రం మామూలు పెట్రోల్ కంటే చాలా ఎక్కువ. తెచ్చుకోవడానికీ హద్దుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా సొంత వాడకానికి ఉంచుకోగలిగేది మొత్తం 30 లీటర్లు. అదీ గట్టి మూత ఉన్న, 25 లీటర్లకి మించని లోహపు డబ్బాల్లో. ప్లాస్టిక్ క్యాన్ కుదరదు. జెట్లు కూడా ఆ ఇంధనానికే కుదిర్చి ఉంటాయి కనుక మధ్యలో అయిపోయిందని ఈ20 పోయడానికి వీల్లేదు.

రెండో దారి డోమ్ మార్చడం. బాన్షీకి దొరికే విడి హెడ్లలో డోమ్‌లు వేరుగా ఊడి వస్తాయి. 18 నుంచి 21 సీసీకి మారితే ఖాళీ ఆరో వంతు పెరిగి కుదింపు దిగుతుంది. పైన కొంత పవర్ పోతుంది, దానికి బదులు ఊళ్లో ఏ బంకులో దొరికే పెట్రోల్‌తోనైనా, జెట్లు దానికి కుదిర్చాక, బండి నడుస్తుంది. మన దగ్గర క్వాడ్ నడిపేవాళ్లలో ఎక్కువమందికి ఈ రెండోదే సరైనదని నేను అనుకుంటాను. రేసు కోసం ఇంజిన్ కట్టినవాళ్లకి మొదటిదే దారి, వాళ్లు పెట్రోల్ ఖర్చు కూడా పార్టుల ఖర్చులోనే రాసుకోవాలి.